మట్టిబొమ్మకు తెలియని పట్టు

కంకణపుర మహానగరం ఆ ఉదయాన కొత్త పెళ్ళికూతురిలా ముస్తాబయింది. తొంభై తొమ్మిది బురుజుల మీద తొంభై తొమ్మిది పట్టు జెండాలు రెపరెపలాడుతున్నాయి. రాజవీధి పొడవునా పచ్చని అరటి స్తంభాలు, వాటి నడుమ బంతిపూల తోరణాలు, తోరణాల కింద ఏనుగులు తొండాలతో చిమ్ముతున్న పన్నీటి జల్లు. మేడల మీది స్ఫటిక కలశాలకు ఎండ తగిలి, ఏడు రంగులుగా విడిపోయి వీధుల్లోకి జారుతోంది. మధ్యాహ్నం నగారా మోగగానే ముష్టిబరి తెరుస్తారు. ఏడాదికి ఒకే ఒక్క పోటీ. ఆ ఒక్క పోటీ కోసం మిగతా రోజులన్నీ ఈ ఊరి జనం చేసే పని ఊహించుకోవడం.

బరి వైపు పోయే దారిలో ఒక మంగలి, ఎవరిదో తల సగం గొరిగి అలాగే వదిలేసి, కత్తి గాలిలో ఆడిస్తూ వాదిస్తున్నాడు.

"పాతికేళ్ళప్పటి చండమల్లుని తెచ్చి ఇవాళ్టి కేయూరుడికి ఎదురుగా నిలబెట్టండి. ఏమవుద్ది?"

"ఏమవుద్దేంటి! మూడో గుద్దుకి కేయూరుడు బరి అవతల పడతాడు," అంది గాజుల బుట్ట దించుకుని కూర్చున్న ఆడమనిషి.

"సరే. మరి ఇవాళ్టి చండమల్లుని నిలబెడితే?"

"ఇవాళ్టోడినా? మా అత్తని నిలబెట్టినా ఆవిడే గెలుస్తది. మెట్లెక్కేటప్పుడు ఆ మోకాళ్ళు ఎట్టా మూలుగుతున్నాయో విన్లేదా?"

"ముందు నా తల సంగతి చూడవయ్యా సామీ," అని సగం గుండు మొత్తుకున్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. ఆ గుంపు పక్కనుంచి నూనె ముంత చంకన పెట్టుకుని, ముఖం కనబడకుండా తలగుడ్డ కిందికి లాక్కుని, నడుం వంచి, కుంటుకుంటూ పోతున్న ముసలి మర్దనవాడు మాత్రం నవ్వలేదు. పళ్ళు పటపట కొరుక్కున్నాడు.

ఎందుకు కొరుక్కోడు? అతనే చండమల్లు.

ఇరవై ఒక్క ఏళ్ళు. ఇరవై ఒక్క పోటీలు. ఒక్కసారైనా వీపుకు మట్టి అంటని మనిషి. గెలిచినన్నాళ్ళూ భుజాల మీద మోసిన జనమే, తలలో నాలుగు తెల్ల వెంట్రుకలు కనబడగానే పాడెకు వెదురు కొలిపిస్తున్నారు. వెనక్కి తిరిగి ఆ మంగలి మూతి మీద ఒక్కటి ఇచ్చుకుంటే చేతుల తీట తీరేది. కానీ ఇవాళ కోపానికి తీరిక లేదు.

అతని ఎడమ దండ మీద కుళ్ళిన పుండుకు కట్టినట్టు మురికి గుడ్డ చుట్టి ఉంది. వేపనూనె కంపుకు ఎవరూ దగ్గరికి రావడం లేదు. ఆ గుడ్డ కింద ద్వారకంకణం ఉంది. ఊరికి ఆ పేరు వచ్చింది దానివల్లనే. పూర్వం మహారాణి కనకాంగి ఏడు అగ్నిభేతాళాలను పట్టి, నగరపు ఉత్తర ద్వారం వెనక బంధించింది. కంకణం ధరించిన చెయ్యి తాకితే తప్ప ఆ ద్వారం తెరుచుకోదు. కంకణమేమో పోటీలో గెలిచిన వాడి దండకే అంటుకుంటుంది. వాడి వీపు బరిలో నేల తాకేదాకా ఊడి రాదు. బరి చుట్టూ పసుపు గీత గీసి, దాని లోపల ఏ మంత్రమూ పారకుండా కట్టు కట్టింది కూడా ఆ రాణే.

ఇంత పకడ్బందీగా ఉన్న ద్వారం మీద ఒకడికి కన్ను పడింది. వాడు ధూమజటి. పొగలాంటి జడలున్న మాంత్రికుడు. రత్నాల వర్తకుడి వేషం వేసుకుని, ఏటి ఒడ్డున మేడ కొని, కేయూరుడనే పడవవాడి కొడుకును చేరదీశాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. గుద్దు గుద్దితే ఎద్దు కూలబడుతుంది. మంత్రం పనికిరాని చోట మనిషి చేత గెలిపించి, ఆ మనిషి చేత్తో ద్వారం తీయిద్దామని ధూమజటి ఎత్తు. ఈ సంగతి చండమల్లు అక్క బయ్యమ్మ కనిపెట్టింది. ఏట్లో నార తడుపుతుంటే, వర్తకుడి నీడకు జడలుండటం చూసింది.

"రాజుగారితో చెబుదామా అక్కా?" అన్నాడు చండమల్లు.

"చెప్పు. ముసలోడు పోటీకి భయపడి కథలల్లుతున్నాడని ఊరంతా నవ్వుద్ది," అంది బయ్యమ్మ. "ఒరేయ్ మల్లూ, వాడు మర్దనవాడి కోసం దండోరా వేయించాడు. నువ్వే పో. ఆ కుర్రోడి ఒంట్లో ఏ కీలు కచ్చాగా ఉందో చేత్తో పట్టి చూసుకురా. మధ్యాహ్నానికి గెలిస్తే చాలు, మిగతాది తర్వాత చూద్దాం."

అలా వచ్చాడు చండమల్లు, తనను ఓడించబోయే వాడి ఒళ్ళు పట్టడానికి.

మేడ బయటికి మేడే గాని, లోపల మెట్లు కిందికి, ఇంకా కిందికి దిగిపోయాయి. నూరు మెట్ల అడుగున ఒక పాతాళ మందిరం. గోడల నిండా పొదిగిన పచ్చలు పాము కళ్ళలా మిలమిలలాడుతున్నాయి. పగడపు స్తంభాలను చుట్టుకున్న కంచు సర్పాల నోళ్ళలోంచి నీలి మంటలు లేస్తున్నాయి. కప్పు నుంచి తలకిందులుగా వేలాడే రాతి తామరల లోంచి బొట్లు బొట్లుగా కస్తూరి కారుతోంది. నడుమ ఏనుగు పడుకునేంత రాగి పళ్ళెం. పళ్ళెం నిండా ఇసుక. ఆ ఇసుకలో జానెడేసి మట్టిబొమ్మలు రెండు, పిడికిళ్ళు బిగించి గుద్దులాడుకుంటున్నాయి!

పళ్ళెం పక్కన చాప మీద కేయూరుడు బోర్లా పడుకుని ఉన్నాడు. చండమల్లు వాడి వీపు మీద నువ్వుల నూనె పోసి, బొటనవేళ్ళతో వెన్నుపూసలు లెక్కపెడుతూ పోయాడు. ఎక్కడా కచ్చా లేదు. మెడ ఎద్దు మెడ, పిక్కలు రాళ్ళు. ఇటువంటి ఒళ్ళు తనకూ ఒకప్పుడు ఉండేదని చేతులకు గుర్తొచ్చి, అతను కొంచెం గట్టిగానే నొక్కాడు.

"అబ్బా! ముసలాయనా, నీ చేతుల్లో ఇంత బలముందేంటయ్యా?" అన్నాడు కేయూరుడు.

"పిండి విసిరిన చేతులు బాబూ."

పళ్ళెం దగ్గర ధూమజటి వీళ్ళ మాటలే వినడం లేదు. వర్తకుడి తలపాగా విసిరేసి, జడలు విరబోసుకుని, కళ్ళింతలు చేసుకుని బొమ్మల వైపు వంగిపోయాడు. ఒక బొమ్మ చండమల్లు అడుగుజాడల మట్టితో చేసింది, ఇంకొకటి కేయూరుడిది. ఎవరి అడుగుమట్టి అయితే వాళ్ళలాగే పోరాడతాయి. కాకపోతే జనం కళ్ళ ముందు చేసినవే వాటికి తెలుసు.

"కొట్టు! పక్కటెముక! ఆ పక్కటెముక!" అని అరుస్తున్నాడు మాంత్రికుడు. అరుస్తూ తను కూడా గాలిలో గుద్దులు గుద్దుతున్నాడు. కాళ్ళు నిలవడం లేదు. పళ్ళెం అంచు మీద కాలు వేశాడు. మీది నుంచి పడబోయి ఆపుకున్నాడు. కేయూరుడి బొమ్మ ఒక్క గుద్దు ఇచ్చింది. చండమల్లు బొమ్మ వెల్లకిలా పడి, ముక్కలై ఇసుకలో కలిసిపోయింది.

"తొంభై తొమ్మిది!" అని ధూమజటి చప్పట్లు కొట్టాడు. "తొంభై తొమ్మిది పోటీలు, తొంభై తొమ్మిదీ మనవే కేయూరా! పోనీ, సరదాకి ఇంకొకటి చూద్దాం. మల్లశాల పునాదిలో దొరికిన పాత జాడ ఇది. వాడి పాతికేళ్ళప్పటి అడుగు."

ఎండిన మట్టిపెళ్ళ ఒకటి తీసి, ఉమ్మి తడిపి, పిసికి, ఇసుకలో నిలబెట్టాడు.

చండమల్లు చేతులు ఆగిపోయాయి.

ఆ బొమ్మ కదిలింది. కదలడం కాదది, గాలిపటం తేలినట్టు తేలింది. కేయూరుడి బొమ్మ గుద్దితే అక్కడ లేదు. మళ్ళీ గుద్దితే అక్కడా లేదు. పక్కనుంచి, కిందనుంచి, నవ్వుతూ, నవ్వుతూనే మూడు గుద్దులు గుద్ది ఎదుటి బొమ్మను పళ్ళెం అవతలికి విసిరేసింది. గాజుల ఆడమనిషి చెప్పింది చెప్పినట్టే జరిగింది! చండమల్లు ఆ బొమ్మ మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. వాడు నేనేనా? ఆ మోకాళ్ళు నావేనా?

"భలే భలే!" అని ధూమజటి నిట్టూర్చాడు. "ఏం మనిషిరా వీడు! పాపం, ఆ వేగం పోయాక వీడి దగ్గర ఇంకేం మిగల్లేదు. కుడిచెయ్యి దించేస్తాడు. అలిసిపోయి దించుతాడు, అంతే."

"అలిసిపోయి కాదు!"

మాట నోరు జారిపోయింది. జారాక ఆగలేదు. ఇరవై ఒక్క ఏళ్ళుగా బరిలో నోరు మూసుకున్న మనిషి, ఊళ్ళో అరుగుల మీద వాదించే వాళ్ళలో ఒకడైపోయాడు.

"అలిసిపోయి దించుతాడని ఎవడన్నాడు? అది ఎర! కుడిచెయ్యి దిగిందని లోపలికొస్తే, మోచేతి చాటునుంచి ఎడమ గుద్దు దవడ కింద పడుద్ది. ఇంతవరకూ అక్కర రాలేదు గనక ఎవడూ చూళ్ళేదు!"

"అబద్ధం. ఆ వయసులో అంత దగ్గరి గుద్దు పడదు," అన్నాడు ధూమజటి, అతనికీ పంతం వచ్చేసింది. "భుజం తిరగద్దూ?"

"ఎందుకు తిరగదు? ఇదిగో, కాలు ఇట్టా వేసి..."

చండమల్లు నూనె ముంత దించి, నడుం నిటారు చేసి, ఎడమకాలు వెనక్కి వేసి, గుద్దు విసిరాడు. గాలి కొరడాలా చెళ్ళుమంది. దండ మీది మురికి గుడ్డ ఊడి కింద పడింది. పచ్చల వెలుగులో ద్వారకంకణం ధగధగ మెరిసింది.

ధూమజటి పళ్ళెం వదిలి ఇటు తిరిగాడు.

"ఓహోహో!" అన్నాడు ధూమజటి, మెల్లగా. "చండమల్లు గారే స్వయంగా వచ్చి నేర్పిపోతున్నారు."

కేయూరుడు దిగ్గున లేచి నిలబడ్డాడు. వాడి కళ్ళు చండమల్లు ముఖం మీద కాదు, పాదాల మీద ఉన్నాయి. ఆ కాలు ఎలా వేశాడో చూసుకుంటున్నాడు!

"ఒరేయ్ అబ్బీ," అన్నాడు చండమల్లు, "గెలిచాక నిన్ను ఉత్తర ద్వారం దగ్గరికి రమ్మన్నాడా, లేదా?"

"మొక్కుందన్నారు. తలుపుకి చెయ్యి తాకించి దణ్ణం పెట్టుకోవాలన్నారు. అయితే ఏంటి?"

"ఆ తలుపు వెనక ఏముందో మీ అమ్మనడుగు!"

"ఓడిపోయేవాడి వాగుడు," అని ధూమజటి వేలు ఝాడించాడు. కంచు సర్పాలు స్తంభాలు వదిలి వచ్చి చండమల్లును కాళ్ళ నుంచి మెడదాకా చుట్టేశాయి.

"అయ్యా, ఆయన్ని చంపకండి! బరిలోకి రానివ్వండి!" అని కేయూరుడు అడ్డం వచ్చాడు. "ఖాళీ బరిలో గెలవడానికా నేను వచ్చింది?"

"చంపుతానా? వీడు బరి బయట చస్తే కంకణం మసైపోతుంది. జాగ్రత్తగా పంపిస్తాలే, నువ్వెళ్ళి స్నానం చెయ్యి."

కుర్రాడు మెట్లెక్కి పోగానే ధూమజటి ముఖం మారింది. "నగారా ఏడో మోతకు నువ్వు బరిలో లేకపోతే ఓడినట్టే లెక్క. కంకణం దానంతట అదే వాడి చేతికి పోతుంది," అని నవ్వి, పాముల చుట్టు విప్పించి, చండమల్లును నేలమాళిగలోకి తోయించాడు. పోనీ కదా అని అతని నూనె ముంతను కూడా లోపలికి విసిరాడు. "మోకాళ్ళకి రాసుకో!"

మాళిగ గుమ్మంలో తాటిచెట్టంత శిలాకింకరుడు కాపలా ఉన్నాడు. రాతి తల, రాతి గుండె, పిడికిలి ఒక్కొక్కటి తిరగలి అంత. పైన, ఎక్కడో దూరంగా, నగారా మొదటి మోత వినబడింది.

చండమల్లు ముంతలోకి చూశాడు. సగం ఉంది. గుమ్మం ముందు నున్నటి రాతి పలకల మీద ధారగా పోసుకుంటూ వెనక్కి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్ బండరాయీ! నిన్ను చెక్కినోడికి చేతులు లేవా, కళ్ళు లేవా? ఆ మొహమేంట్రా, రుబ్బురోలు నయం!"

కింకరుడికి రాతి గుండె అయినా రోషముంది. గర్రుమని అరిచి, రెండు పిడికిళ్ళూ ఎత్తి దూసుకొచ్చాడు. నూనె మీద కాలు పడింది. అంత కొండ మనిషీ సర్రున జారి, పిల్లిమొగ్గ వేసి, తల ముందుగా గోడకు తగిలాడు. తగిలేలోగా చండమల్లు పక్కకు దూకేశాడు. గోడ ఫెళఫెళ విరిగింది. విరిగిన సందులోంచి ఏటి నీరు హోరున లోపలికి దూకింది.

రెండో మోత. మూడో మోత.

ఆ నీటికి ఎదురీది, మొసళ్ళ మధ్యనుంచి, ఒక మొసలి ముక్కు మీద గుద్ది, దాని వీపునే మెట్టు చేసుకుని గట్టెక్కాడు. నాలుగో మోతకు బెస్త గూడెం దాటాడు. ఐదో మోతకు రాజవీధిలో ఉన్నాడు. ఒంటి మీద నాచు, జుట్టులో చేపపిల్ల, మోకాళ్ళలో నిప్పులు. "అదుగో ముసలోడు! పారిపోతున్నాడు!" అని ఎవడో అరిచాడు. "బరి వైపు పారిపోవడమేంట్రా, కళ్ళు దొబ్బాయా?" అంది గాజుల ఆడమనిషి. ఆరో మోత అయింది. ఏడో మోతకు నగారా వాడు కర్ర ఎత్తేసరికి చండమల్లు పసుపు గీత దాటి బరిలో పడ్డాడు.

బయ్యమ్మ నారగుడ్డ పట్టుకుని గీత అవతల నిలబడి ఉంది. "ఎక్కడ చచ్చావురా? కీలు దొరికిందా?"

"కీలు లేదక్కా. పైగా నా గుద్దు నేనే చెప్పేసి వచ్చాను."

"ఎవరికి?"

"ఇద్దరికీ."

బయ్యమ్మ నుదురు కొట్టుకుంది.

చండమల్లు ఆయాసం తీర్చుకుంటూ ఉత్తరం వైపు చూశాడు. పసుపు గీతకు మూరెడు దూరంలో, వర్తకుడి తలపాగాతో, పట్టు తివాచీ మీద ధూమజటి. పక్కన రాజుగారు. ఖైదులో ఉండాల్సిన మనిషి బరిలో కనబడేసరికి మాంత్రికుడి ముఖం పాలిపోయింది. అంతలోనే తేరుకున్నాడు. తొంభై తొమ్మిది సార్లు గెలిచిన వాడికి భయమేముంటుంది? తివాచీ మీద ముందుకు జరిగి కూర్చున్నాడు. అప్పుడే అతని కాళ్ళు నిలవడం లేదు.

చండమల్లు ఆ కాళ్ళను చూశాడు. చూసి, గడ్డం తుడుచుకున్నాడు.

బరి ఆచారం ప్రకారం ఎవరి పిడికిలికి వాళ్ళు కట్టు కట్టుకోరాదు, ఎదుటివాడే కట్టాలి. కట్టేవాడు ఒక్క ప్రశ్న అడగవచ్చు. అబద్ధం చెప్పినవాడి పిడికిలి పట్టు తప్పుతుందని అందరి నమ్మకం. ముందు కేయూరుడు చండమల్లు చేతులకు నార చుట్టాడు.

"పెద్దాయనా, ఆ తలుపు వెనక నిజంగా ఉన్నాయా?"

"ఏడున్నాయి. నీ చెయ్యి తగిలితే బయటికొస్తాయి."

కుర్రాడి వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ చుట్టాయి. తర్వాత చండమల్లు వాడి చేతులు అందుకున్నాడు. అడగాల్సినవి చాలా ఉన్నాయి. నీ బలహీనత ఎక్కడ అని అడగవచ్చు, చెప్పి తీరాలి. కానీ నోట్లోంచి వేరే ప్రశ్న వచ్చింది.

"నాతో పోటీ ఎప్పట్నించి ఊహించుకుంటున్నావురా?"

"ఆరేళ్ళప్పట్నించి. రోజూ, పడవలో మా నాన్న తెడ్డేస్తుంటే."

"ఎన్నిసార్లు గెలిచావు?"

"అది రెండో ప్రశ్న," అన్నాడు కేయూరుడు. ముడి బిగించేదాకా ఆగి, తల దించుకుని, తనంతట తనే చెప్పాడు. "ఒక్కసారి కూడా గెలవలేదు పెద్దాయనా."

చండమల్లు ఆ ముడి మళ్ళీ విప్పి, ఇంకా శ్రద్ధగా కట్టాడు.

"అయినా ఇవాళ తగ్గను," అన్నాడు కుర్రాడు.

"తగ్గితే చెవులు పిండుతాను. రా!"

శంఖం ఊదారు.

అబ్బ, ఏం పోటీ అది! కేయూరుడి మొదటి గుద్దుకే చండమల్లు భుజం మొద్దుబారింది. రెండోది పక్కటెముకల్లో దిగింది. చండమల్లు కుడిచెయ్యి దించాడు. కుర్రాడు లోపలికి వచ్చాడు. మోచేతి చాటునుంచి ఎడమ గుద్దు లేచింది, కేయూరుడు దవడ పక్కకు తిప్పి, దాన్ని అరచేత్తో పట్టి, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"చూశాను కదా పెద్దాయనా!"

"చూశావు సరే, ఇది చూశావా?" అని చండమల్లు వాడి కడుపులో ఒకటి ఇచ్చాడు. కుర్రాడు "హుమ్" అన్నాడు. జనం లేచి నిలబడ్డారు. మంగలి తన బల్ల ఎక్కాడు. సగం గుండు వాడు మంగలి భుజాలెక్కాడు.

గుద్దు మీద గుద్దు. చండమల్లు ఎడమ కన్ను మూసుకుపోయింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ ఒకటి. ప్రతి దెబ్బకూ వెనక్కే, వెనక్కే.

"వెనక్కి పోతున్నాడ్రా! చెప్పానా, అయిపోయాడు!" అని అరుపులు లేచాయి.

నిజమే, వెనక్కే పోతున్నాడు. కానీ ఎటు పోతున్నాడో ఎవడూ చూడలేదు. ఉత్తరం వైపు పోతున్నాడు. అడుగడుగునా అతని చెవులు కుర్రాడి ఊపిరిని వినడం మానేసి, వెనక ఉన్న ఇంకొక గొంతును వింటున్నాయి.

"పక్కటెముక!" అంటోంది ఆ గొంతు. "ఆ పక్కటెముక! కొట్టు కేయూరా!"

తివాచీ మీంచి లేచాడు ధూమజటి. రాజుగారి కాలు తొక్కాడు. గాలిలో గుద్దులు గుద్దుతున్నాడు. నూరోసారి, ఈసారి మట్టిబొమ్మలు కాదు, నెత్తురూ కండా! చండమల్లు మడమలు పసుపు గీతకు జానెడు దూరంలోకి వచ్చాయి. కేయూరుడు ఆఖరి గుద్దుకు చెయ్యి వెనక్కి లాగాడు. ధూమజటికి ఒళ్ళు తెలియలేదు.

"కొట్టూ!" అని కేక వేసి, తనే కొడుతున్నట్టు కుడి పిడికిలి విసిరాడు. పిడికిలి పసుపు గీత దాటింది.

చండమల్లు తిరిగి చూడనైనా చూడకుండా ఆ మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, ఇరవై ఒక్క ఏళ్ళలో ఏ మనిషీ చూడనిది, ఏ అరుగు మీదా ఎవరూ ఊహించనిది, తొంభై తొమ్మిది మట్టిబొమ్మల్లో ఒక్కటీ చెయ్యనిది చేశాడు.

తనంతట తాను వెల్లకిలా పడ్డాడు.

పడుతూ గిరుక్కున మాంత్రికుడి వైపు తిరిగి, వాణ్ణి మీదికి గుంజి, రెండు పాదాలూ వాడి పొట్టకు ఆనించి తలమీదుగా విసిరాడు. ధూమజటి గింగిరాలు తిరుగుతూ బరి నడుమ దబ్బున పడ్డాడు. తలపాగా ఆవిరైపోయింది. పొగజడలు చల్లారిన కట్టెల్లా వేలాడాయి. మంత్రం చదవబోతే నోట్లోంచి దగ్గు తప్ప రాలేదు.

కానీ చండమల్లు వీపు నేల తాకింది.

టక్కుమంది కంకణం. ఇరవై ఒక్క ఏళ్ళ పాటు ఒంటిలో భాగమై కూర్చున్నది ఊడి, మెరుపులా గాలిలో ఎగిరి, కేయూరుడి దండకు అంటుకుంది. చండమల్లు ఆ చల్లటి మట్టిని వీపుతో మొదటిసారి ఎరిగాడు. దండ మీద, కంకణం ఉన్న చోట, చర్మం పసిపిల్లవాడిదిలా తెల్లగా ఉంది.

"కేయూరా!" అని ధూమజటి పాకుతూ లేచాడు. "గెలిచావు! ద్వారానికి నడు! రాజ్యం ఏపాటిది, అంతకంటే గొప్పది ఇస్తాను. ఈ యవ్వనం ఎప్పటికీ పోకుండా ఇస్తాను. చూడు వాణ్ణి, ఆ కన్ను, ఆ మోకాళ్ళు! ఇరవై ఏళ్ళు పోతే నువ్వూ అంతే. అలా కాకుండా చేస్తాను!"

కేయూరుడు నేల మీద పడి ఉన్న మనిషి వైపు చూశాడు. వాచిన కన్ను, చిట్లిన పెదవి, నాచు అంటిన నెరిసిన జుట్టు.

"ముసలోణ్ణయితే గాని అట్టా పడటం రాదంటే," అన్నాడు, "నాకు ముసలితనమే కావాలయ్యా."

అని, మాంత్రికుడి దవడ కింద ఒక్క గుద్దు గుద్దాడు. మోచేతి చాటునుంచి, కాలు వెనక్కి వేసి. ఉదయం చూసి నేర్చుకున్నదే, కాలు కూడా అక్కడే పడింది.

ధూమజటి వెల్లకిలా పడ్డాడు. పడి కూడా నవ్వాడు. నెత్తురు కక్కుతూ నవ్వాడు.

"పిచ్చివాళ్ళారా! కంకణం చెయ్యి మారే రెప్పపాటులో ద్వారం గడియ వదులవుతుంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా మారలేదు గనక మీకు గుర్తులేదు. తెల్లవారుజామునే ఆ గడపలో నా ఇనుప మేకు దిగ్గొట్టాను, ఎవరి చెయ్యీ తాకకపోయినా ఇక గడియ మళ్ళీ పడదు!"

ఆ మాట పూర్తి కాకముందే భూమి దద్దరిల్లింది. ఉత్తరపు బురుజు మీది జెండా దానంతట అదే భగ్గున అంటుకుంది. లోపలినుంచి ఎవరో తలుపు గుద్దుతున్నారు. ఒక గుద్దు, రెండు, ఏడు. జనం చెల్లాచెదరయ్యారు. రాజుగారు తివాచీ వదిలేసి పరుగెత్తారు.

కేయూరుడు చెయ్యి చాపాడు. "లే పెద్దాయనా. ఏడున్నాయన్నావు. నీకెన్ని, నాకెన్ని?"

"నాకు నాలుగు," అన్నాడు చండమల్లు, ఆ చెయ్యి పట్టుకుని మూలుగుతూ లేస్తూ.

"ఆయాసపడుతున్నావు. మూడు చాలు."

"నోర్ముయ్. మెట్ల దగ్గర మాత్రం కాస్త చెయ్యి పట్టుకో."

బయ్యమ్మ పరుగున వచ్చి ఇద్దరి పిడికిళ్ళ మీదా కొత్త నార వేసింది. ఇద్దరూ పసుపు గీత దాటి, మంటల వైపు, జనానికి ఎదురు పరుగు తీశారు. ఒకడు కుంటుతూ, ఇంకొకడు వాడి కోసం అడుగు తగ్గించుకుంటూ.

మంగలి ఒక్కడే బల్ల మీద అలాగే నిలబడి ఉన్నాడు. పాత మల్లుడూ కొత్త మల్లుడూ కలిసి ఒక పక్క, ఏడు అగ్నిభేతాళాలు ఒక పక్క. ఏమవుద్ది?

ఈ జత ఇన్నేళ్ళలో ఎవరి ఊహలోకీ రాలేదు. మంగలి నోరు తెరిచాడు గాని మాట పెగల్లేదు. అంతలో ఉత్తర ద్వారపు మొదటి రెక్క నిప్పులు చిమ్ముకుంటూ ఊడి, వీధిలోకి కూలింది.